ఇంట్లో రంగు వేసిన కండక్టర్ ఖాకీ చొక్కాలు: ఇన్ని ఉతుకుల తర్వాత

మా షార్ట్ ఫిల్మ్ కోసం కోల్డ్ రియాక్టివ్ రంగుతో, అంటే మరిగించకుండా గోరువెచ్చని నీళ్లలోనే పట్టే రంగుతో, ఇంట్లోనే వేసిన ఖాకీ చొక్కాలు ఇప్పటికీ మా ట్రంకుపెట్టెలో ఉన్నాయి. మే నెల ఎండలో చెమటకి తడిశాయి, పైపుతో కురిపించిన వానలో నానాయి. ఆ తర్వాత వేరే కథల్లో వాచ్‌మన్‌కీ, పోస్ట్‌మన్‌కీ కూడా అవే తొడిగాం. ఎన్నిసార్లు ఉతికామో లెక్కలేదు. రంగు మాత్రం నిలబడింది. కాస్ట్యూమ్ కోసం కాటన్ చొక్కాకి రంగు వేయాలనుకుంటే, పొయ్యి మీద మరిగించే పొట్లం రంగు వదిలేసి దీన్నే తీసుకోమని ధైర్యంగా చెబుతాను.

మాది 1960ల నాటి పల్లెటూరి బస్సు కండక్టర్ కథ. ఏపీఎస్‌ఆర్టీసీ ఏర్పడింది 1958లో, అంటే సంస్థ ఇంకా కొత్తగా ఉన్న రోజులు. ఇప్పుడు యూనిఫాం షాపుల్లో దొరికే ఖాకీలో ఎక్కువ భాగం పాలిస్టర్ కలిసిన గుడ్డే. లైటు పడితే మెరుస్తుంది, రోజంతా తొడుక్కున్నా ఇస్త్రీ మడత చెదరదు. చెమటకి వీపుకి అతుక్కుని, మోచేతుల దగ్గర ముడతలు పడే నూలు చొక్కా తీరే వేరు. ఆ తీరు కావాలనే దళసరి తెల్ల కాటన్ తీసుకుని, కుట్టించి, రంగు వేశాం.

పొట్లాల్లో వచ్చే మరిగించే రంగులు చాలావరకు డైరెక్ట్ రంగులు. అవి నూలుని అంటిపెట్టుకుని ఉంటాయంతే, ప్రతి ఉతుకులో కొంచెం కొంచెం వదిలిపోతాయి. రియాక్టివ్ రంగు అలా కాదు. నీళ్లలో సోడా కలిపితే నూలుతో రసాయనికంగా ముడిపడిపోతుంది. రాటీ, స్టీఫెన్ అనే ఇద్దరు 1954లో ఇంగ్లండ్‌లోని ఐసీఐ కంపెనీలో ఈ కిటుకు కనిపెట్టారు, 1956లో ప్రోసియన్ పేరుతో అమ్మకానికి వచ్చింది. రంగుల షాపులో కోల్డ్ బ్రాండ్ అని గుర్తుపెట్టుకుని అడగండి. హాట్ బ్రాండ్ అంటగడితే దానికి 80 డిగ్రీల దాకా వేడి కావాలి, ఇంట్లో బకెట్‌తో అయ్యే పని కాదు.

రంగు కంటే ముందు దర్జీతో మాట్లాడాలి. ఇది ఎంత చెప్పినా తక్కువే. దర్జీలు మామూలుగా వాడేది పాలిస్టర్ దారం, దానికి ఈ రంగు అస్సలు పట్టదు. చొక్కా అంతా ఖాకీ అయ్యాక జేబు చుట్టూ, కాలర్ అంచునా తెల్ల కుట్లు వరసగా కనిపిస్తాయి. దూరం షాట్‌లో పర్వాలేదు గానీ, టికెట్ కొట్టే చెయ్యి క్లోజప్‌లో చూపిస్తే కఫ్ మీద కుట్టే ముందు కనబడుతుంది. అందుకే కాటన్ దారం మేమే కొనిచ్చాం. కాలర్‌లో ఫ్యూజింగ్ (ఇస్త్రీ వేడికి జిగురుతో అతుక్కునే లోపలి గుడ్డ) వద్దని, కాన్వాస్ పెట్టమని చెప్పాం. ఫ్యూజింగ్ జిగురు వేడినీళ్లకి ఊడి బుడగలు లేస్తుంది. గుడ్డని కుట్టకముందే వేడినీళ్లలో డిటర్జెంట్, కాస్త బట్టల సోడా వేసి బాగా ఉతికితే గంజీ పోతుంది, కుంచించుకునేదేదో అప్పుడే కుంచించుకుంటుంది. గంజి మిగిలిన చోట రంగు మచ్చలు మచ్చలుగా పడుతుంది.

పావుకిలో బరువున్న చొక్కాకి మా కొలత ఇదీ: ఐదు లీటర్ల గోరువెచ్చని నీళ్లు, 5 గ్రాముల రంగు, పావుకిలో ఉప్పు, 60 గ్రాముల సోడా యాష్ (తడి లేని బట్టల సోడా పొడి). ఖాకీకి గోల్డెన్ ఎల్లో ఎక్కువ, అందులో సగం బ్రౌన్, చిటికెడు నలుపు. ముందుగా రంగు నీళ్లలో ఉప్పు కరిగించి, తడి చొక్కా ముంచి అరగంట కలుపుతూ ఉండాలి. తర్వాత చొక్కా పైకి తీసి, విడిగా కరిగించిన సోడా నీళ్లు పోసి, మళ్లీ ముంచి గంటసేపు ఉంచాలి. ఆ గంటలో మొదటి పది, పదిహేను నిమిషాలు చెయ్యి ఆపకూడదు. మడతలో ఇరుక్కున్న చోట గీతలు పడేది అప్పుడే. సోడా యాష్ దొరక్కపోతే పలుకులుగా ఉండే చాకలి సోడా వాడొచ్చు, కానీ అందులో సగం కంటే ఎక్కువ బరువు నీళ్లే కాబట్టి రెండున్నర రెట్లకు పైగా వేయాలి. వంటసోడాతో ఈ పని కాదు.

అల్యూమినియం గిన్నెని సోడా తినేస్తుంది, ప్లాస్టిక్ బకెట్ కానీ స్టీలు కానీ మంచిది. బోరు నీళ్లు కఠినంగా ఉంటే సోడా వేయగానే తెల్లగా విరిగినట్టవుతుంది, రంగు మసకబారుతుంది. మేం కుళాయి నీళ్లే పట్టి వాడాం. రంగు పొడి కలిపేటప్పుడు ఫ్యాన్ కట్టేసి, మాస్కు, గ్లౌజులు వేసుకోండి. ఈ పొడి పీల్చడం ఊపిరితిత్తులకి మంచిది కాదు, కొందరికి ఆయాసం తెస్తుంది. వంటకి వాడే గిన్నె, గరిటె దీనికి తేవద్దు.

తడి మీద ఖాకీ చాలా ముదురుగా కనిపించి టెన్షన్ పెడుతుంది. అదే గుడ్డ పీలిక మీద ముందు ప్రయత్నించి, ఇస్త్రీతో ఆరబెట్టి, షూటింగ్ లైటు కింద కెమెరాలో చూసుకోవాలి. కంటికి ఖాకీగా ఉన్నది కొన్ని ఎల్‌ఈడీ లైట్ల కింద ఆకుపచ్చ వైపు వెళ్లిపోతుంది.

రంగు దిగుతోందని జనం తిట్టుకునేది చాలాసార్లు చివరి కడుగు సరిగా లేకే. నూలుకి అతుక్కోని రంగు గుడ్డలోనే మిగిలి ఉంటుంది. ముందు చల్లనీళ్లలో జాడించి, తర్వాత దాదాపు మరిగే నీళ్లలో సబ్బు వేసి నానబెట్టాలి. తొలి నీళ్లు కాఫీ డికాక్షన్‌లా వస్తాయి. నీళ్లు తేటపడేదాకా మళ్లీ మళ్లీ మార్చాల్సిందే. అలా కడిగాక మా చొక్కాల నుంచి పక్కన వేసిన తెల్ల పంచెకి ఎప్పుడూ రంగు అంటలేదు.

ఇన్నాళ్ల తర్వాత వెలిసింది ఎక్కడంటే, భుజాల మీద, కాలర్ పైభాగంలో. అది ఎండ పని. ప్యాంటులో దోపుకునే అంచు ఇంకా మొదటి రంగులోనే ఉంది. కండక్టర్ పాత్రకి ఈ తేడా అందమే తెచ్చింది, మేం గరుకు కాగితంతో రుద్ది పాతచేసిన కఫ్‌ల కంటే ఎండ చేసిన పనే నిజంగా ఉంది. ఒక్క బ్లీచింగ్ మాత్రం దగ్గరికి రానివ్వకండి, క్లోరిన్ తగిలిన చోట రంగు పోతుంది, మళ్లీ రాదు.

వంటింటి రంగులూ వాడి చూశాం. పసుపు సబ్బు తగిలితే ఎర్రబడుతుంది, ఎండకి వెలిసిపోతుంది. టీ నీళ్లు మాత్రం మంచివి: తెల్ల పంచె కెమెరాలో కళ్లు చెదిరేలా వెలగకుండా లేత మట్టిరంగుకి తెస్తాయి. ఖాకీ అంత ముదురు దాంతో రాదు.

ఫైట్ కోసం, వాన కోసం ఒకే రకం చొక్కాలు రెండు మూడు కావాలంటే అన్నీ ఒకే బకెట్‌లో, ఒకేసారి వేయండి. విడివిడిగా వేస్తే ఛాయ కలవదు. అదే బకెట్‌లో ఒక మీటరు గుడ్డ కూడా ముంచి ఉంచాం. బస్సు మెట్టు రేకు తగిలి ఒక మోచెయ్యి చిరిగితే అందులోంచే అతుకు వేశాం, తెరమీద తేడా తెలియలేదు. ఆ గుడ్డని బీరువాలో దాచకుండా చొక్కాలతో పాటే ఉతికి, ఎండలోనే ఆరేస్తూ ఉండాలి, లేకపోతే అతుకు కొత్తగా మెరుస్తుంది.