బ్రౌణ్య నిఘంటువు: ఒక్క మాట కోసం కొన్నాను

అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పుస్తకాలు పరుస్తారు కదా, అక్కడ దొరికింది ఈస్టిండియా కంపెనీ కాలపు ఇంగ్లీషు అధికారి సి.పి. బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు. పునర్ముద్రణే. అట్ట మూల నలిగింది, లోపల పేజీలు శుభ్రంగానే ఉన్నాయి. అయిదొందలన్నాడు. నేను మూడొందల దగ్గర కూర్చున్నాను. రెండుసార్లు వెళ్లిపోతున్నట్టు నటించినా బేరం తెగలేదు. చివరికి ఆయనకే విసుగొచ్చి, "ఎంతకి తీసుకుంటారో తెగేసి చెప్పండి సార్" అన్నాడు. 350కి తెగింది. నేను వెతుక్కుంటున్న మాట తెగింపు. పుస్తకం తెరవకముందే దాని చుట్టాలు రెండు ఎదురొచ్చాయన్నమాట.

ఈ వెతుకులాట దేనికంటే, నేను బ్యాంకులకీ ఇన్సూరెన్స్ వాళ్లకీ కరపత్రాలు తెలుగు చేసి బతుకుతాను. పెట్టుబడి పెట్టేవాళ్లు ఎంత రిస్క్ తీసుకోగలరో అడిగే ప్రశ్నను అచ్చ తెలుగులో రాసివ్వమని ఒక కంపెనీ అడిగింది. ఫోన్లో ఉన్న యాప్‌లో కొడితే రిస్కుకి ‘గండం’ అని వచ్చింది. డబ్బు దాచుకుందామని వచ్చినవాడి చేతిలో గండం అని అచ్చేసిన కాగితం పెడితే, వాడు పంతులుగారి దగ్గరికి పోయి శాంతి చేయించుకుంటాడు గానీ ఖాతా తెరుస్తాడా?

సాహసం అందామా అంటే అది మరీ పతకం ఇచ్చే మాటయిపోయింది. ఒకప్పుడు అలా కాదు. ధర్మశాస్త్రాల్లో సాహసం అంటే బలప్రయోగంతో చేసే నేరం. మనుస్మృతిలో జరిమానా మెట్లకి కూడా అదే పేరు: ప్రథమ సాహసం 250 పణాలు, మధ్యమం 500, ఉత్తమం 1000. ఇప్పుడు శాలువా కప్పే పనికి అప్పుడు జరిమానా వేసేవాళ్లు.

బ్రౌన్‌లో ‘తెగు’ దగ్గర నేను ఒక సాయంత్రమంతా ఉండిపోయాను. దారం తెగడం, తగవు తెగడం, తెగించడం, తెగువ, అన్నీ ఒకే వేరు. ఆ పేజీల్లో లేచిన ఆలోచన బయట కూడా ఆగలేదు. ఎందుకు రిస్కని రైలుకి గంట ముందే బయల్దేరతాం, అక్కడ తెగించడం అనే మాటే రాదు. తెగించామంటే వెనక తాడు తెగిందని అర్థం. చావుకు తెగించినవాడికి సముద్రం మోకాలిబంటి అంటారే, అది రిస్క్ తీసుకున్నవాడి సంగతి కాదు.

మా అమ్మ నాలుగు గాజులు కుదువపెట్టి రెండు కుట్టుమిషన్లు కొన్నప్పుడు మా వీధిలో ఇదే మాట మూడు రకాలుగా వినిపించింది. పక్కింటి పిన్నిగారు "తెగించావు వదినా, మంచిదే" అంది. మా పెదనాన్న "ఇంతకి తెగబడుతుందనుకోలేదు" అన్నాడు. మా నాయనమ్మ గడప మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తూ, తల ఎత్తకుండానే, "బరితెగించింది" అంది. చేసిన పని ఒక్కటే. గాజులు విడిపించుకొచ్చిన రోజు నాయనమ్మే అందరికంటే ముందు "మా కోడలికి తెగువ ఎక్కువ" అని చెప్పుకుంది. ఇలాంటి తేడా మాత్రం అర్థాల వరసలో పట్టదు. అది బ్రౌన్ తప్పని నేననను.

ఇక కొనేవాళ్లకి. ఇది తెలుగు నుంచి ఇంగ్లీషుకి. ఇంగ్లీషు నుంచి తెలుగుకి ఆయనదే వేరే సంపుటి ఉంది, తొందరలో తారుమారు చేసుకోకండి. మొదట 1852లో వచ్చింది. ఇప్పుడు ఎక్కువగా వాడుతున్నది 1903లో సవరించిన రూపం, సవరించినవాళ్లలో కందుకూరి వీరేశలింగం గారు ఒకరు. ఇంగ్లీషు అర్థాలు ఆ కాలపువి కాబట్టి ఒక్కోసారి వాటికే మళ్లీ అర్థం వెతుక్కోవాలి. అక్షరం సన్నం, నలభై దాటితే కళ్లజోడు తప్పదు. బరువు కూడా బాగానే ఉంటుంది, పడుకుని చదివే పుస్తకం కాదు. డబ్బు పెట్టడం ఇష్టం లేకపోతే షికాగో విశ్వవిద్యాలయం వాళ్ల దక్షిణాసియా నిఘంటువుల సైట్లో ఉచితంగా చూసుకోవచ్చు. కానీ అక్కడ వెతికితే ముందు అడిగిన మాటే కంటపడుతుంది. కాగితం మీదైతే పక్క మాటలు కూడా కంటపడతాయి, నాకు పనికొచ్చింది అదే.

పండితులు పక్కన పెట్టిన వాడుక మాటల్ని కూడా ఏరి చేర్చడం బ్రౌన్ గొప్ప. అందుకోసం, తాళపత్రాలకి నకళ్లు రాయించడం కోసం సొంత జీతం పోసి, అప్పులు కూడా చేశాడు. కడపలో ఆయన బంగళా ఉన్న చోట ఇప్పుడు ఆయన పేరు మీద గ్రంథాలయం ఉంది. అటు వెళ్తే చూడండి.

అయిదుకి నాలుగున్నర ఇస్తాను. ఆ అర కళ్లజోడు ఖర్చు కింద కోసుకున్నాను.

కరపత్రంలో "నష్టానికి ఎంతవరకు తెగించగలరు?" అని రాసి పంపాను. వాళ్లు దాన్ని కొట్టేసి "రిస్క్ సామర్థ్యం" అని అచ్చేసుకున్నారు. డబ్బులైతే ఇచ్చారు.