హాలిడే క్లబ్ మెంబర్‌షిప్: రిసార్టుకి మూడు స్టార్లు, అగ్రిమెంటుకి సున్నా

ముందే చెప్పేస్తున్నా, ఇది రిసార్టు మీద కోపంతో రాస్తున్న రివ్యూ కాదు. మా బాబాయి, పిన్ని కొడైకెనాల్‌లో ఉన్న నాలుగు రోజులూ బాగానే గడిచాయి. గది శుభ్రంగా ఉంది, వేడినీళ్లు టైముకి వచ్చాయి, సాంబారు తియ్యగా ఉందని పిన్ని సణిగింది గానీ నెల్లూరు వాళ్లకి ఏ ఊరి పులుసైనా పులుపు చాలదు, దానికి మార్కులు తగ్గించను. రిసార్టుకి మూడు స్టార్లు ఇచ్చేశా. నా గొడవంతా ఆ గది పేరు చెప్పి బాబాయి చేత సంతకం పెట్టించిన పదేళ్ల మెంబర్‌షిప్ గురించి, దాంట్లోంచి బయటికొచ్చే దారి గురించి. కంపెనీ పేరు అడగొద్దు, సెటిల్‌మెంటు కాగితంలో పేరు బయటపెట్టకూడదని ఒక లైను ఉంది. పేరు తెలిసినా పెద్ద ఉపయోగం లేదులెండి, ఈ తరహా క్లబ్బులు అమ్మే పద్ధతి దాదాపు ఒకటే.

నెల్లూరు ట్రంకు రోడ్డులో ఒక మాల్లో పండక్కి బట్టలు కొని పిన్ని లక్కీ డ్రా కూపన్ నింపింది. తర్వాత ఫోనొచ్చింది: మీకు గిఫ్టు తగిలింది, భార్యాభర్తలిద్దరూ కలిసి ఫలానా హోటల్‌కి రావాలి, ఆధార్‌తో పాటు క్రెడిట్ కార్డు కూడా తెచ్చుకోండి. గిఫ్టు తీసుకునేదానికి క్రెడిట్ కార్డు ఏందో! హాల్లో పాటలు మోగుతుంటాయి, పక్క టేబుల్ వాళ్లు సంతకం పెట్టగానే గంట కొట్టి అందరూ చప్పట్లు. అసలు ధర మూడున్నర లక్షలంట, ఇవాళ ఇక్కడే తీసుకుంటే లక్షా తొంభై వేలంట, ఇంటికెళ్లి ఆలోచించుకుని రేపొస్తామంటే ఆ రేటు ఉండదంట. బాబాయి కావలిలో లెక్కలు చెప్పి రిటైరైన మేష్టారు, ఆయన కూడా కాగితం తీసుకుని లెక్కేశాడు. ఏడాదికి 19,000, ఏడు రాత్రులు, రాత్రికి మూడు వేలు కూడా పడదు. ఆయన లెక్కలో తప్పేం లేదు, ఆయనకి చెప్పని అంకె ఒకటుంది, అంతే. ఏటా మెయింటెనెన్స్ చార్జీ 12,000, దాని మీద 18 శాతం జీఎస్టీ, వెరసి 14,160. మీరు వెళ్లినా కట్టాలి, వెళ్లకపోయినా కట్టాలి, పైగా ఏటా పెంచుకునే హక్కు వాళ్లది. అది కూడా కలిపితే రాత్రికి 4,700 దాటింది, తిండి ఖర్చు వేరే. అదే రిసార్టులో గది మామూలు రోజుల్లో ఆన్‌లైన్లో అంతకంటే తక్కువకే కనపడతా ఉంది, నేనే చూశాను.

ఇక బుకింగు సంగతి. ఆయన చేత కొనిపించింది కింది సీజను, అంటే రద్దీ లేని రోజులవి. మనవళ్లకి సెలవులుండే సంక్రాంతి, దసరా, మే నెల అన్నీ పై సీజన్లే. సంక్రాంతికి అడిగితే గదులు నిండిపోయాయంటారు, దసరాకి అడిగితే మీ పాయింట్లు చాలవంటారు, జూలైలో వానల్లో ఎప్పుడంటే అప్పుడు రమ్మంటారు. బడులు తెరిచాక ఎవరిని వెంటబెట్టుకుని పోవాల?

అగ్రిమెంటు నేను రెండు రాత్రులు కూర్చుని చదివాను. సేల్స్ కుర్రాడు ఆ రోజు నోటితో చెప్పినవి చాలావరకు అందులో లేవు. పైగా నోటితో చెప్పిన మాటలకి కంపెనీ బాధ్యత లేదని రాసి ఉంది, దాని పక్కన బాబాయి సంతకం. కట్టిన డబ్బుని రెండు ముక్కలు చేశారు, అందులో 60 శాతం అడ్మిషన్ ఫీజు, అది తిరిగిరాదంట. అన్నిటికంటే నాకు ఒళ్లు మండిన క్లాజు ఇంకోటి. వద్దనుకుంటే పది రోజుల్లో రాసిస్తే డబ్బంతా వెనక్కిస్తారు, వినడానికి బాగుంది కదా, అయితే ఆ పది రోజులూ సంతకం పెట్టిన రోజు నుంచే లెక్క. ఈ క్లాజు ఉన్న పుస్తకం, కార్డు, రంగుల డబ్బా కలిపి కొరియర్లో ఇంటికి చేరేసరికి గడువు దాటిపోయింది. ఇదే మాట ఫ్లోరిడాలో ఉన్న మా చెల్లెలితో అంటే, అక్కడి చట్టం ప్రకారం టైమ్‌షేర్, అంటే ఇలాంటి హాలిడే మెంబర్‌షిప్ కొన్నవాళ్లకి వద్దనుకునేదానికి పది రోజులుంటాయట, ఆ పది రోజులు కూడా సంతకం పెట్టిన రోజు, ఆఖరి కాగితం చేతికొచ్చిన రోజు, ఈ రెంటిలో ఏది తర్వాతైతే అక్కణ్నుంచి లెక్కపెడతారట. ఆ హక్కు వదులుకుంటున్నానని కొన్నవాళ్ల చేత రాయించుకున్నా చెల్లదట. మన దేశంలో టైమ్‌షేర్‌కని విడిగా చట్టమే లేదు, ఉన్నది వినియోగదారుల రక్షణ చట్టం, 2019. మేం బయటపడింది దాంతోనే.

కస్టమర్ కేర్‌కి సున్నా కంటే తక్కువ ఇచ్చే వీలుంటే ఇచ్చేవాణ్ని. వద్దు, క్యాన్సిల్ చేయండి అంటే ‘మీ బాధ అర్థమైంది సార్, ఇంకో అరవై వేలు కట్టి అప్‌గ్రేడ్ చేసుకోండి, దసరాకి కూడా గది దొరుకుద్ది’ అంటారు. ఫోన్లో ఎంత అరిచినా మన చేతిలో ఏ రుజువూ మిగలదు, అందుకని ఫోన్లు మానేసి కాగితం మీదికి వచ్చాం. అక్కడ ఇంకో మెలిక: ఆయన పేరుతో రిజిస్టరైన మెయిల్ ఐడీ సేల్స్ కుర్రాడు అక్కడికక్కడ తయారుచేసింది, పాస్‌వర్డ్ బాబాయికి తెలియదు. అది మార్పించి, అగ్రిమెంటులో ఉన్న రిజిస్టర్డ్ ఆఫీసుకి స్పీడ్ పోస్టులో ఉత్తరం, అదే కాపీ మెయిల్లో. ఏ తేదీన ఏం చెప్పి అమ్మారు, కిట్టు ఏ తేదీన అందింది, ఏయే తేదీలకి గది అడిగితే ఏమని జవాబొచ్చింది, మెంబర్‌షిప్ రద్దు చేసి డబ్బు వెనక్కి ఇవ్వాలి. ఇంతే, తిట్లు లేవు. కొరియర్ కవరు మీద తేదీ ఉంది చూశారా, పిన్ని దాన్ని పారేయకుండా కరెంటు బిల్లుల్లో పెట్టింది, మాకు అన్నిటికంటే పనికొచ్చిన కాగితం అదే.

ఈఎంఐ సంగతి కూడా చెప్పాలి, చాలామంది ఇక్కడే పొరపాటు పడుతున్నారు. డబ్బు కార్డు మీద గీకి ఈఎంఐ చేసుకుంటే ఆ అప్పు మీకూ బ్యాంకుకీ మధ్యది, క్లబ్బుతో తగవుందని వాయిదాలు ఆపేస్తే దెబ్బ తగిలేది మీ సిబిల్ స్కోరుకే. బాబాయి పళ్లు కొరుకుతూనే కడుతూ వచ్చాడు.

ఈలోగా వేరే రకం వాళ్లు దిగారు. ఒకామె తియ్యటి హిందీలో, మధ్యమధ్యలో వచ్చీరాని తెలుగులో, మీ మెంబర్‌షిప్ కొనేదానికి పార్టీ రెడీగా ఉంది, మూడు లక్షలిస్తారు, ముందుగా ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే కాగితం) చార్జీ 18,000 పంపితే చాలంది. మెంబర్‌షిప్ నంబరు, కట్టిన మొత్తం, అన్నీ కరెక్టుగా చెప్పింది, ఆ వివరాలు ఆమెకి ఎట్ట పోయాయో దేవుడికెరుక. బాబాయికి కొంచెం ఆశ పుట్టింది. ఫోన్‌పే తెరిచాడు కూడా. పిన్ని ఫోను లాక్కుని, ‘ఇచ్చినోళ్ల దగ్గర నుంచి రాబట్టుకునేదానికి మళ్లీ ఇంకోళ్లకి కట్టేది ఏందయ్యా, గమ్మునుండు’ అంది. క్లబ్బులోంచి బయటపడేస్తాం, ముందు ఫీజు కట్టండి అని ఫోన్ చేసే సర్వీసులన్నిటికీ నా రేటింగ్ పిన్ని ఇచ్చిందే. ఒకవేళ ఇప్పటికే పంపేసి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి, సైబర్ మోసాలకి అదే నంబరు.

ఇప్పుడు మెచ్చుకోవాల్సిన వాటి దగ్గరికొద్దాం. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి నాలుగు స్టార్లు. తెలుగులో మాట్లాడొచ్చు, పైసా ఖర్చు లేదు, ఫిర్యాదు రాసుకుని నంబరిచ్చి కంపెనీకి పంపుతారు. తీర్పిచ్చే అధికారం వాళ్లకి లేదు, అది తెలుసుకునే ఫోన్ చేయండి. మా విషయంలో జరిగిందేంటంటే, ఉత్తరానికి ఉలకని పలకని కంపెనీ ఆ నంబరు చూశాక మొదటిసారి రాతపూర్వకంగా జవాబిచ్చింది. ఒప్పందం ప్రకారం వీల్లేదనే రాశారనుకోండి, అయినా వాళ్ల సంతకంతో ఒక కాగితం మన చేతికొచ్చింది కదా.

తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. నెల్లూరులో ఉంది, ప్రకాశం వాళ్లకి ఒంగోలులో ఉంది. కంపెనీ ఆఫీసు ఎక్కడో ఉత్తరాదిన, తగవులన్నీ అక్కడి కోర్టుల్లోనే, అదీ ఆర్బిట్రేషన్లోనే (మధ్యవర్తి ముందే) అని అగ్రిమెంటులో బెదిరింపుగా రాసుంటుంది, దానికి భయపడొద్దు. మనం ఉండే ఊరి కమిషన్లోనే ఫిర్యాదు వేసే వీలు 2019 చట్టంలో ఉంది. ఆర్బిట్రేషన్ క్లాజు ఉన్నంత మాత్రాన వినియోగదారుల ఫోరానికి వెళ్లే దారి మూసుకుపోదని ఒక బిల్డర్ కేసులో సుప్రీంకోర్టు 2018లోనే తేల్చింది. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, వకీలు లేకుండా మనమే వాదించుకోవచ్చు, ఈ-జాగృతి పోర్టల్లో ఇంట్లో కూర్చుని వేయొచ్చు. తగవు పుట్టిన రోజు నుంచి రెండేళ్ల లోపు వేయాలి, ఈ ఏడాది కాకపోతే వచ్చే ఏడాది చూద్దాంలే అని నాన్చితే అది దాటిపోద్ది. ఒక్క జాగ్రత్త: ‘ఈ ఒప్పందమే అన్యాయం, దాన్ని కొట్టేయండి’ అని అడగాలంటే అది రాష్ట్ర కమిషన్ పని. జిల్లాలో సేవా లోపం, అనుచిత వ్యాపార పద్ధతి అని రాయాలి. మేం అడిగినప్పుడల్లా గది దొరకలేదన్న మెయిళ్లు, కొరియర్ తేదీ, ఈ రెంటి మీదే ఫిర్యాదు నిలబెట్టాం.

కమిషన్ నోటీసు అందాక కంపెనీ వాళ్లే ఫోన్ చేశారు. ఈసారి గొంతు వేరు, అప్‌గ్రేడ్ ఊసే లేదు. బేరం నడిచి నడిచి చివరికి 1,30,000 దగ్గర ఆగింది. కొడైకెనాల్ రోజులకి కొంత పట్టుకున్నారు, మిగతాది ఏవేవో చార్జీలంట, ఈఎంఐ మీద బ్యాంకుకి కట్టిన వడ్డీ పోయినట్టే. తీర్పు దాకా వెళ్దాం బాబాయ్ అన్నాను నేను. ‘వద్దబ్బయ్యా, టెన్షన్ తీరితే చాలు’ అన్నాడు. ఆయన డబ్బు, ఆయనిష్టం, నాకైతే వెనక్కి రాని ఆ అరవై వేలు ఇప్పటికీ మింగుడు పడలేదు. సెటిల్‌మెంటు కాగితంలో మాత్రం రెండు మాటలు పట్టుబట్టి రాయించాం: ఫలానా తేదీ నుంచి మెంబర్‌షిప్ రద్దు, మెయింటెనెన్స్ చార్జీ బకాయి ఏమీ లేదు. డబ్బు ఖాతాలో పడ్డాకే కేసు వెనక్కి తీసుకున్నాం.

అయినా మొన్న ఈ ఏడాది మెయింటెనెన్స్ కట్టమని మళ్లీ బిల్లు మెయిలొచ్చింది. సెటిల్‌మెంటు కాపీ జతచేసి జవాబిచ్చాను. చార్జీ దానంతటదే కట్టుకునేలా మొదట్లో బాబాయి ఖాతాకి పెట్టించుకున్న ఆటో డెబిట్ మాండేట్ బ్యాంకులో ఇంకా బతికే ఉంది, సోమవారం ఇద్దరం వెళ్లి తీసేయిస్తాం, మీలో ఎవరికైనా ఇలాంటి మెంబర్‌షిప్ ఉంటే మీ ఖాతాలో కూడా ఒకసారి చూసుకోండి.