టెట్‌కు (టీచర్ అర్హత పరీక్షకు) తిరుపతి ప్రయాణం: ముందురోజు రాత్రా, ఆరోజు పొద్దున్నా?

చిత్తూరు నుంచి తిరుపతి సుమారు 70 కిలోమీటర్లు. బస్సుకు రెండు గంటలు వేసుకోవాలి. పరీక్ష ఆదివారం ఉదయం 9:30 సెషన్‌లో పడితే శనివారం సాయంత్రమే స్నేహితుల ఇంటికి చేరడం మేలు. పొద్దున కొండకెళ్లే జనంతో బస్సులు కిక్కిరుస్తాయి. సెంటర్ ఊరి బయట ఇంజినీరింగ్ కాలేజీ అయితే ఆటోకు ఇంకో అరగంట. చిక్కల్లా కబుర్లతోనే. పదికల్లా పడుకుంటామని ఇంటివాళ్లకు ముందే చెప్పేయండి. 150 ప్రశ్నలకు 150 నిమిషాలే, నిద్ర చాలకపోతే గద్యభాగం ప్రశ్నల్ని రెండుసార్లు చదవాల్సి వస్తుంది.

మధ్యాహ్నం 2:30 సెషనైతే ఆరోజే బయల్దేరొచ్చు. ఐదింటికి పరీక్ష ముగిశాక స్నేహితులతో తీరిగ్గా గడపొచ్చు. సామాను మాత్రం ముందే వాళ్లింట్లో పెట్టండి. ఫోను, బ్యాగు లోపలికి రానివ్వరు. హాల్‌టికెట్, ఒరిజినల్ ఆధార్ చేతిలో ఉంటే చాలు.