కెమెరాల గ్రూపులు: చోటును బట్టి కట్టాలా, పనిని బట్టి కట్టాలా?

నిఘా కెమెరాలు పదిలోపు ఉన్నంతవరకు వాటిని ఏ వరుసలో పెట్టినా పని జరుగుతుంది. అవి వంద దాటాక, ఏది ఎప్పుడు రికార్డు చేయాలి, ఎప్పుడు హెచ్చరిక పంపాలి అనే రూల్స్‌ను ఒక్కొక్క కెమెరాకు విడిగా రాస్తూ పోవడం కుదరదు గనుక గ్రూపులు తప్పనిసరి అవుతాయి. డెన్మార్క్ సంస్థ మైల్‌స్టోన్ తయారుచేసిన, నిఘా కెమెరాలను నడిపే ఎక్స్‌ప్రొటెక్ట్ సాఫ్ట్‌వేర్‌నూ, హైదరాబాద్ శివార్లలోని ఒక ఇంజనీరింగ్ కళాశాలనూ ఉదాహరణగా తీసుకుని ఈ విషయం పరిశీలిద్దాం.

చాలామంది గ్రూపులను చోటును బట్టి కడతారు: ప్రధాన భవనం, గ్రంథాలయం, హాస్టల్, పార్కింగ్. కేబుళ్లూ స్విచ్‌లూ భవనాలవారీగానే ఉంటాయి కాబట్టి ఇది సహజంగా తోచే పద్ధతి. హాస్టల్ రెండో అంతస్తులో వీడియో రావడం లేదని ఫోను వస్తే, ఆ కెమెరా ఏదో వెంటనే దొరుకుతుంది. అయితే ఆ హాస్టల్ గ్రూపులోనే మెస్ క్యాష్ కౌంటర్, మెట్లు, ప్రవేశద్వారం, వెనుక ప్రహరీ అన్నీ ఉంటాయి. కౌంటర్‌ను రోజంతా రికార్డు చేయాలి. మెట్ల దగ్గర కదలిక ఉన్నప్పుడు చేస్తే చాలు. ప్రహరీ వైపు రాత్రి ఎవరైనా వస్తే అలారం మోగాలి. ఒక్క రూల్ వీటన్నిటికీ సరిపోదు. అప్పుడు ఒక్కొక్క కెమెరాకు మినహాయింపు రాయవలసి వస్తుంది, ఏడాది తిరిగేసరికి ఏ మినహాయింపు ఎందుకు రాశారో చెప్పగలిగేవారు ఉండరు.

పనిని బట్టి కట్టిన గ్రూపులు, అంటే ద్వారాలు, డబ్బు కౌంటర్లు, నడవాలు, ప్రహరీ వంటివి, ఈ చిక్కును మొదట్లోనే తప్పిస్తాయి. రూల్‌లో కెమెరా పేరుకు బదులు గ్రూపు పేరు ఇస్తే, తరువాత ఆ గ్రూపులో చేర్చిన కెమెరా కూడా ఆ రూల్ కిందికే వస్తుంది. ఫ్రేమ్ రేటు (సెకనుకు ఎన్ని చిత్రాలు తీయాలన్నది) వంటి సెట్టింగులను కూడా గ్రూపు మొత్తానికి ఒకేసారి మార్చవచ్చు, కాకపోతే గ్రూపులో పరికరాలు 400 కన్నా తక్కువ ఉండాలి. ఈ పద్ధతిలో ఉన్న లోపం, కెమెరా ఎక్కడ ఉందో గ్రూపు చెప్పకపోవడం. అందుకే భవనం, అంతస్తు, దిక్కు కెమెరా పేరులోనే ఉండేలా చూసుకోవాలి.

ఒకే కెమెరాను ఒకటికి మించిన గ్రూపుల్లో ఉంచే వీలుంది కాబట్టి నేను రెండూ ఉంచమంటాను, కానీ రూల్స్ మాత్రం పని గ్రూపులకే రాయాలని గట్టిగా చెబుతాను. చోటు గ్రూపులు వెతకడానికి మాత్రమే. రికార్డింగ్ విషయంలో ప్రతి కెమెరా ఒకే ఒక్క పని గ్రూపులో ఉంటే, ఫుటేజీ ఎందుకు లేదన్న ప్రశ్నకు సమాధానం ఒక్కచోటే దొరుకుతుంది.

ఇక నిరంతర రికార్డింగ్ మేలా, కదలికను బట్టి చేసేది మేలా అన్నది డిస్కు లెక్కతో తేలుతుంది. సెకనుకు 4 మెగాబిట్ల చొప్పున రికార్డు చేసే కెమెరా రోజుకు సుమారు 43 జీబీ, 30 రోజులకు దాదాపు 1.3 టీబీ తీసుకుంటుంది. అలాంటివి వంద ఉంటే 130 టీబీ. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన ప్రజా భద్రతా చట్టం, జనం ఎక్కువగా వచ్చిపోయే సంస్థలు ఫుటేజీని 30 రోజులు భద్రపరచాలని చెబుతోంది కాబట్టి ఈ అంకెను తేలికగా తీసుకోలేము. పైగా సెట్టింగులో 30 రోజులని రాసినంత మాత్రాన సరిపోదు: డిస్కు ముందే నిండితే పాత ఫుటేజీ గడువుకు ముందే చెరిగిపోతుంది. కౌంటర్లకూ ద్వారాలకూ నిరంతరం, నడవాలకు కదలికను బట్టి అన్న విభజన ఇక్కడ న్యాయంగా ఉంటుంది. నడవాల రూల్‌లో కదలికకు కొన్ని సెకన్ల ముందు నుంచి రికార్డు చేయమని తప్పక పెట్టాలి. లేకపోతే మనిషి తలుపు తీసిన క్షణం పోయి, వెళ్లిపోతున్న వీపు మాత్రమే మిగులుతుంది. ప్రహరీ దగ్గర మాత్రం సాధారణ కదలిక గుర్తింపును నమ్మకూడదు. చెట్ల కొమ్మలు, వాన, వాహనాల లైట్లు రాత్రంతా తప్పుడు అలారాలు తెస్తాయి; కెమెరా దృశ్యంలో మనం గీసిన ఊహాగీతను ఎవరైనా దాటినప్పుడు కెమెరాయే పంపే ఈవెంట్‌కు, అంటే సంకేతానికి, రూల్‌ను ముడిపెట్టడం నయం.

రాత్రి రూల్‌కు సాయంత్రం 6 గంటలని స్థిర సమయం పెట్టడంకన్నా, అక్షాంశ రేఖాంశాలను బట్టి సూర్యాస్తమయాన్ని లెక్కించే టైమ్ ప్రొఫైల్ (రూల్ ఏ వేళల్లో పనిచేయాలో చెప్పే సెట్టింగు) మంచిది. హైదరాబాద్‌లో నవంబరు చివర 5:40 ప్రాంతంలో, జూలై మొదట్లో 6:55 ప్రాంతంలో పొద్దుగూకుతుంది.

ఏ పద్ధతి ఎంచుకున్నా, కెమెరాల నుంచి వీడియోను తెప్పించే డిఫాల్ట్ స్టార్ట్ ఫీడ్ రూల్‌ను ఆపేయకూడదు. అది ఆగితే రికార్డింగ్ చేసే కంప్యూటర్‌కు, అంటే సర్వర్‌కు, వీడియో అందదు, అందని వీడియోలో సర్వర్ కదలికను గుర్తించలేదు, మిగతా రికార్డింగ్ రూల్స్ ఎంత చక్కగా రాసినా పనిచేయవు.