కుక్కపిల్లకు ట్రైనింగ్: ఇంటికొచ్చే ట్రైనరా, గ్రూపు క్లాసా, బోర్డింగా?

రెండు నెలల కుక్కపిల్లను ఇంటికి తెచ్చుకున్న వారంలోపే రెండు రకాల సలహాలు వస్తాయి. టీకాలన్నీ అయ్యేదాకా గడప దాటించొద్దని ఒకరు, ఇప్పుడు నేర్పకపోతే ఇక మాట వినదని ఇంకొకరు. ఇద్దరి మాటలోనూ నిజముంది. కుక్కపిల్ల కొత్త మనుషుల్ని, శబ్దాల్ని, తోటి కుక్కల్ని పెద్దగా బెదరకుండా అలవాటు చేసుకునే వయసు సుమారు 3 నుంచి 14 వారాల దాకా. పార్వో, డిస్టెంపర్ అనే ప్రాణాంతక వైరస్ జబ్బుల టీకాలేమో 6-8 వారాలప్పుడు మొదలై, మూడు నాలుగు వారాలకోసారి పడుతూ, 16 వారాలకు గానీ పూర్తి కావు. అంటే టీకాల కార్డు నిండేసరికి ఆ వయసు దాటిపోతుంది. తిరుపతిలో ఏ ట్రైనింగ్ తీసుకోవాలన్నది ఈ లెక్క ముందు పెట్టుకునే తేల్చుకోవాలి. ఫీజు సంగతి ఆ తర్వాతే.

అమెరికాలో జంతువుల ప్రవర్తన మీద పనిచేసే పశువైద్యుల సంఘం 2008లోనే దీనికో దారి చెప్పింది. కనీసం ఒక విడత టీకా, నట్టల మందు పడి 7 రోజులు గడిస్తే 7-8 వారాల పిల్లను కూడా క్లాసుకు తీసుకెళ్లవచ్చని. అయితే వాళ్లు చెప్పింది శుభ్రంగా కడిగే గదిలో, టీకాలు పడ్డ పిల్లలతో జరిగే క్లాసు గురించి. మన వీధుల పరిస్థితి వేరు. పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది, మామూలు ఫినాయిల్‌కు లొంగుతుందని నమ్మలేం, బ్లీచింగ్ కావాలి. కాబట్టి బయటికి తీసుకెళ్లండి గానీ నేల మీద దించకండి. వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి టీకాకు వెళ్లినప్పుడైతే మరీ జాగ్రత్త. జబ్బు చేసిన కుక్కలన్నీ వచ్చే చోటు కదా, వంతు వచ్చేదాకా ఒళ్లోనే ఉంచుకోండి.

ఇక మొదటి దారి, ఇంటికొచ్చే ట్రైనర్. ఇందులో రెండు రకాల వాళ్లుంటారు, తేడా ఫోన్‌లో తెలియదు. ఒకాయన పొద్దున్నే వచ్చి కుక్కను గొలుసు పట్టి రోడ్డు మీదికి తీసుకెళ్తాడు, గంట తర్వాత తెచ్చి గేటు దగ్గర అప్పజెబుతాడు. నెల తిరిగేసరికి కుక్క ఆయన చెబితే కూర్చుంటుంది, మీరు చెబితే మీ చేతిలో ఏముందా అని చూస్తుంది. రెండో రకం ట్రైనర్ హాల్లో కూర్చుని మీ చేతికే ట్రీట్ ఇచ్చి, మీ చేతే చేయిస్తాడు. ఎప్పుడు ఇవ్వాలి, ఎప్పుడు ఆగాలి అన్నది చూసి సరిదిద్దుతాడు. డబ్బు కట్టాల్సింది ఈయనకే. వారానికి ఒకటి రెండు సార్లు వచ్చినా చాలు, మిగతా రోజుల్లో ఇంట్లోవాళ్లు పూటకు ఐదేసి నిమిషాలు చేయిస్తారు. అంతకు మించి ఆ వయసు పిల్ల ధ్యాస నిలవదు.

‘ఆరు నెలలు నిండాక పిలవండి సార్’ అనే ట్రైనర్లూ తగులుతారు. అది పాత పద్ధతి. లాగితే మెడకు బిగుసుకునే చోక్ చైన్‌తో గుంజి నేర్పే రోజుల్లో, లేత మెడ ఆ గుంజుడు తట్టుకోలేదని ఆరు నెలలు ఆగేవాళ్లు. ట్రీట్‌తో నేర్పేటప్పుడు ఆగాల్సిన పనే లేదు. పైగా ఇంటికొచ్చిన మొదటి నెలలో నేర్పాల్సింది ‘సిట్’, ‘షేక్ హ్యాండ్’ కాదు. బాత్రూమ్ ఎక్కడ, పళ్లతో ఎంత గట్టిగా పట్టుకోవచ్చు, పేరు పిలిస్తే రావడం, చెవులూ కాళ్లూ తడిమినా ఊరుకోవడం, కాసేపు ఒంటరిగా ఉండటం. ఇవన్నీ మీ ఇంట్లో, మీ గచ్చు మీద నేర్చుకోవాల్సినవి. అందుకే ఈ వయసుకు ఇంటికొచ్చే ట్రైనర్ వైపే నా మొగ్గు.

ట్రీట్ల గురించి ఒక మాట. మాంసం వండని ఇళ్లలో పనీర్ చిన్న చిన్న ముక్కలు, ఉడికించిన క్యారెట్ బాగా పనిచేస్తాయి. పెరుగన్నం కుక్కకు ఇష్టమే, చేత్తో ముద్దలు పట్టుకుని ట్రైనింగ్ ఇవ్వడమే కష్టం. ప్రసాదం లడ్డూ మాత్రం చిటికెడైనా పెట్టొద్దు. అందులో ఎండుద్రాక్ష ఉంటుంది, అది కుక్కల కిడ్నీలను దెబ్బతీస్తుంది. మన ఊళ్లో ఏ ఇంట్లోనైనా, ఏ చుట్టం చేతిలోనైనా లడ్డూ ఉండే అవకాశం ఎక్కువ గనుక ఈ సంగతి ఇంటిల్లిపాదికీ చెప్పి ఉంచాలి.

గ్రూపు క్లాసులో ఉన్న గొప్పతనం ఒక్కటే, అది ఇంట్లో దొరకదు: తోటి పిల్లలు. ఆడుకుంటూ గట్టిగా కొరికితే అవతలి పిల్ల కుయ్యిమని ఆట ఆపేస్తుంది. ఆ పాఠం మనం ఎంత అరిచినా అంత బాగా చెప్పలేం. కానీ పెద్ద నగరాల్లో దొరికినంత సులువుగా మన దగ్గర ఇలాంటి క్లాసులు దొరకవు, దొరికినా ఖాళీ గ్రౌండ్లో పెడితే అక్కడ వీధికుక్కలు తిరిగి ఉంటాయి. అలాంటి చోటికి టీకాలు పూర్తికాకుండా వద్దు. లోపల గదిలో పెట్టి, ప్రతి పిల్ల టీకాల కార్డూ అడిగి చూసేవాళ్లయితే ముందే చేర్చవచ్చు. మిమ్మల్ని కార్డు అడగలేదంటే పక్కవాళ్లనీ అడగలేదనే అర్థం. మూడు నెలల షిట్జూను, ఏడాది నిండిన షెపర్డ్‌ను ఒకే వరుసలో నిలబెట్టే క్లాసు పిల్లల క్లాసు కాదు. క్లాసు దొరక్కపోతే టీకాలన్నీ పడ్డ, నెమ్మదస్తురాలైన పెద్ద కుక్క ఉన్న స్నేహితుల్ని మీ మిద్దె మీదికి పిలవండి. సగం పని అవుతుంది.

మిగతా సగానికి ఊరే చాలు. పిల్లను ఒళ్లో పెట్టుకుని రైల్వే స్టేషన్ ఎదురుగా సాయంత్రం పావుగంట కూర్చుంటే బస్సులు, ఆటోలు, టోపీలు, లగేజీ మూటలు, గుండ్లు అన్నీ చూసేస్తుంది. మేలో గంగమ్మ జాతర డప్పులు, తర్వాత దీపావళి టపాసులు ఎలాగూ తప్పవు. ఆ శబ్దాలు ఫోన్‌లో సన్నగా పెట్టి, తిండి తినేటప్పుడు వినిపిస్తూ, రోజురోజుకూ కొంచెం పెంచండి. టీకాలన్నీ అయ్యాక నడక మొదలుపెడితే, వేసవిలో పొద్దున ఏడు లోపే. అరచెయ్యి రోడ్డు మీద ఆనించి ఉంచలేకపోతే దాని పాదాలూ ఉంచలేవు.

మూడోది బోర్డింగ్. చెన్నైకో బెంగళూరుకో పంపితే నెల రెండు నెలలకు తయారుచేసి పంపిస్తామంటారు. వినడానికి హాయిగా ఉంటుంది, అచ్చం పిల్లాణ్ని రెసిడెన్షియల్లో వేసినట్టు. ఆరు నెలల లోపు పిల్లకు నేను దీన్ని వద్దనే అంటాను. బెదురు తక్కువగా ఉండే ఆ కాస్త వయసూ ఎవరి కెన్నెల్లోనో గడిచిపోతుంది. అక్కడ ఎలా నేర్పుతున్నారో మీకు కనిపించదు. పంపే వీడియోలో కూర్చున్న కుక్క కనిపిస్తుంది గానీ, ఎందుకు కూర్చుందో కనిపించదు. అక్కడ నేర్చుకున్న బాత్రూమ్ అలవాటు మీ ఫ్లాట్‌కు రాదు కూడా. పని మీద ఊరెళ్లాల్సి వచ్చి నాలుగు రోజులు ఉంచడం వేరే సంగతి, దాన్ని ట్రైనింగ్ అనుకోకండి.

యూట్యూబ్ ఫ్రీ. ‘సిట్’ నేర్పడానికి చాలు. ట్రీట్ ఇవ్వడంలో మీ చెయ్యి ఆలస్యమవుతోందని చెప్పడం మాత్రం దాని వల్ల కాదు.

ఒక్కదానికే డబ్బుంటే ఇంటికొచ్చే ట్రైనర్‌కే పెట్టండి. రెండింటికీ ఉంటే గ్రూపు క్లాసు కలపండి, కార్డు చూసి లోపల గదిలో పెట్టేదైతే ముందే, కాకపోతే టీకాలు పూర్తయ్యాక. వీధిలో దొరికి, మనిషిని చూస్తేనే ముడుచుకుపోయే పిల్లయితే గ్రూపు ఇంకా ఆలస్యమైనా పర్లేదు. ఎవరైనా సరే మూడు నెలల ఫీజు ముందే అడిగితే ఒప్పుకోకండి. ఒక క్లాసుకు కట్టి, మీరు పక్కనే కూర్చుని చూడండి. సంచిలోంచి చోక్ చైన్ బయటికి తీస్తే అక్కడితో ఆపేయండి. రెండోసారి ఆయన గేటు తీసేసరికి పిల్ల ఎదురెళ్తే నెల ఫీజు కట్టొచ్చు. సోఫా కిందికి దూరితే ఇంకో నంబరు వెతుక్కోండి.