57 వేల గేమింగ్ ల్యాప్‌టాప్: మూడేళ్లు వాడాక, ర్యామ్, ఎస్ఎస్‌డీ వేయించాక

2022 దసరా సేల్‌లో మా తమ్ముడికి గేమింగ్ ల్యాప్‌టాప్ కొన్నాం. వాడు అప్పుడే వరంగల్‌లో బీటెక్‌లో చేరాడు. బడ్జెట్ అరవై వేలు, సగం నాన్న ఇచ్చారు, సగం నేను వేశాను. గేమ్స్ నేనూ ఆడతాను కాబట్టి ఏది కొనాలో చూసే బాధ్యత నామీదే పడింది. పదిహేను రోజులు రాత్రిళ్లు కూర్చుని చూసి చివరికి తీసుకున్నది ఇది: రైజెన్ 5 5600హెచ్ ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 3050 4 జీబీ గ్రాఫిక్స్, 8 జీబీ ర్యామ్ (పని జరిగేటప్పుడు వాడే మెమరీ), 512 జీబీ ఎస్ఎస్‌డీ (ఫైళ్లు, గేమ్స్ దాచే డిస్క్), 144 హెర్ట్జ్ స్క్రీన్ (సెకనుకు 144 సార్లు బొమ్మ మార్చగలిగేది). కార్డు డిస్కౌంట్ పోను 57 వేలు పడింది. కంపెనీ పేరు రాయడం లేదు. ఇక్కడ చెప్పే లోపాలు ఆ ధరలో నేను చూసిన చాలా మోడళ్లలో ఉన్నవే, పేరు రాస్తే ఆ ఒక్కదాన్ని వదిలేసి పక్కది కొంటే సరిపోతుందనుకుంటారు.

మొదటి వారమే ఫోన్ వచ్చింది. "అక్కా, వాలరెంట్ గేమ్‌లో ఫ్రేమ్స్ నూట యాభై చూపిస్తోంది గానీ, నలుగురు ఒకేసారి ఎదురుపడితే చాలు, ఒక్క క్షణం బిగుసుకుపోతోంది" అన్నాడు. ఫ్రేమ్స్ అంటే సెకనుకు తెర మీద మారే బొమ్మల లెక్క, దాన్నే ఎఫ్‌పీఎస్ అంటారు. హాస్టల్ వైఫై సంగతి తెలుసు కాబట్టి "నెట్ చూసుకోరా ముందు" అన్నాను. అలా మూడు నెలలు నెట్‌నే తిట్టుకున్నాం. సంక్రాంతికి ఖమ్మం వచ్చినప్పుడు ఇంట్లో మంచి నెట్ మీద ఆడినా అదే పరిస్థితి. అప్పుడు టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో మెమరీ మీద నొక్కితే కింద చిన్న అక్షరాల్లో కనపడింది: స్లాట్స్ యూజ్డ్, 1 ఆఫ్ 2. రెండు ర్యామ్ స్లాట్లు ఉన్నాయి, ఒక దాంట్లో 8 జీబీ స్టిక్ పెట్టి రెండోది ఖాళీగా వదిలేశారు.

ఇది చాలామంది పట్టించుకోని విషయం, అందుకే కాస్త వివరంగా చెబుతాను. డీడీఆర్4 రకం, 3200 స్పీడు ర్యామ్ స్టిక్ ఒక్కటే ఉంటే ప్రాసెసర్‌కి సెకనుకు గరిష్ఠంగా 25.6 జీబీ డేటా అందుతుంది, రెండు స్టిక్స్ ఉంటే 51.2 జీబీ. ట్యాంకు నిండా నీళ్లున్నా కిందికి ఒకే పైపు వేసినట్టు. మామూలుగా బ్రౌజింగ్‌కి, కోడింగ్‌కి ఈ తేడా తెలియదు. గేమ్‌లో మాత్రం, అదీ స్క్రీన్ మీద ఒకేసారి చాలా జరుగుతున్నప్పుడు, ఫ్రేమ్స్ ఢమాల్న పడిపోతాయి. సగటు ఎఫ్‌పీఎస్ బాగానే ఉంటుంది కాబట్టి అంకె చూసి మోసపోతాం, అసలు చూడాల్సింది ఎంత కిందికి పడుతోందన్నది. దానికి తోడు 8 జీబీలో విండోస్ 11, బ్రౌజర్, డిస్కార్డ్ (గేమ్ ఆడుతూ మాట్లాడుకునే యాప్) కలిసి సగం తినేస్తే గేమ్‌కి మిగిలేది ఏపాటి!

2023 మే సెలవుల్లో వాడు హైదరాబాద్ నా దగ్గరికి వచ్చాడు, ల్యాప్‌టాప్ పట్టుకుని సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లాం. కంప్యూటర్ షాపులన్నీ ఒకేచోట ఉండే ఈ సీటీసీ అందరికీ తెలిసిందే. మొదటిసారి ఆదివారం వెళ్తే సగం షట్టర్లు దించి ఉన్నాయి, మళ్లీ మంగళవారం సెలవు పెట్టి వెళ్లాను. మొదటి షాపులో అడిగితే ర్యామ్ మారిస్తే విండోస్ కూడా కొత్తగా వేయాలి, దానికి పదిహేను వందలు అన్నారు. అది నిజం కాదు. ల్యాప్‌టాప్‌తో వచ్చిన విండోస్ లైసెన్స్ మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుంది, ర్యామ్ వేసినా, ఎస్ఎస్‌డీ మార్చినా అది ఎక్కడికీ పోదు. ఎవరైనా ఇలా అడిగితే నమస్కారం పెట్టి వచ్చేయండి.

రెండో అంతస్తులో ఒక చిన్న షాపు దొరికింది, ముగ్గురు నిలబడితే నిండిపోయేంత. అక్కడి అబ్బాయి ముందు ధర చెప్పలేదు, ల్యాప్‌టాప్ ఆన్ చేసి లోపల ఉన్న స్టిక్ ఏ స్పీడో చూశాడు. "అక్కా, ఉన్నది 3200. నా దగ్గర 2666 తక్కువలో ఉంది గానీ అది వేస్తే రెండూ 2666 లోనే నడుస్తాయి, వద్దు" అన్నాడు. ఆ ఒక్క మాటతో నాకు నమ్మకం కుదిరింది. వెనక మూత తీశాక మొదట బ్యాటరీ కనెక్టర్ పీకాడు, ఆ తర్వాతే స్టిక్ ముట్టుకున్నాడు. ఇంట్లో సొంతంగా చేసుకునేవాళ్లు మర్చిపోకూడనిది ఇదే. మూత తీసేటప్పుడు ప్లాస్టిక్ క్లిప్పులు టక్ టక్ అంటుంటే తమ్ముడి ముఖంలో టెన్షన్ చూడాలి. 8 జీబీ స్టిక్ 1,750 రూపాయలు, బిగించినందుకు విడిగా ఏమీ తీసుకోలేదు.

అదే రోజు 1 టీబీ ఎన్‌వీఎంఈ (వేగంగా పనిచేసే రకం) ఎస్ఎస్‌డీ కూడా వేయించాం, 4,200. 512 జీబీ అని రాసినా విండోస్‌లో కనిపించేది 476 మాత్రమే, రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 ఒక్కదానికే 150 జీబీ కావాలి, దాని పక్కన జీటీఏ 5 పెడితే కాలేజీ ఫైళ్లకి చోటు వెతుక్కోవాల్సి వచ్చేది. అదృష్టం ఏంటంటే మా మోడల్‌లో రెండో ఎం.2 స్లాట్ (ఈ రకం ఎస్ఎస్‌డీ బిగించే చోటు) ఉంది, కాబట్టి పాతది తీయకుండా కొత్తది పక్కన చేర్చాం, డేటా కాపీ చేసే బాధ తప్పింది. స్లాట్ అయితే ఇచ్చారు గానీ బిగించే చిన్న స్క్రూ కంపెనీ ఇవ్వలేదు, షాపు అబ్బాయి తన డబ్బాలోంచి తీసి వేశాడు. మీరు విడిగా ఎస్ఎస్‌డీ తెప్పించుకుంటుంటే ఈ స్క్రూ ఉందో లేదో ముందే చూసుకోండి. స్లాట్ పొడవు కూడా, మామూలుగా 2280 సైజు (80 మి.మీ. పొడవు) పడుతుంది, కొన్నింట్లో 2242 (42 మి.మీ.) మాత్రమే పడుతుంది.

ఇంకో జాగ్రత్త. మూత తీయించే ముందు బిట్‌లాకర్ (డిస్క్‌లోని డేటాకి విండోస్ వేసే తాళం) రికవరీ కీ ఫోన్‌లోనో కాగితం మీదో రాసి పెట్టుకోండి. విండోస్ 11 ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో ఈ తాళం, అంటే ఎన్‌క్రిప్షన్, తనంతట తనే ఆన్ అయి ఉంటుంది, లోపల ఏదైనా మార్చాక ఒక్కోసారి ఆ కీ అడుగుతుంది. మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో దొరుకుతుంది, కానీ షాపులో నిలబడి పాస్‌వర్డ్ గుర్తురాక ఇబ్బంది పడటం కన్నా ఇంట్లోనే చూసుకుని వెళ్లడం మేలు.

ఫలితం చెబుతాను, మా ల్యాప్‌టాప్‌లో, మా సెట్టింగ్స్‌లో వచ్చింది మాత్రమే. వాలరెంట్‌లో సగటు 150 నుంచి 200 దాటింది, అంతకన్నా ముఖ్యంగా గొడవ జరిగేటప్పుడు 70కి పడిపోయేది ఇప్పుడు 130 కిందికి రావడం లేదు. జీటీఏ 5 హై సెట్టింగ్స్‌లో 75 నుంచి 95 దాకా వెళ్లింది. రెడ్ డెడ్‌లో మాత్రం 46 నుంచి 52, అంతే, ఎందుకంటే అక్కడ అడ్డుపడుతున్నది గ్రాఫిక్స్ కార్డే. 1,750 రూపాయలకి ఇంత తేడా వచ్చే పని ఇంకోటి నాకు తెలియదు.

ఇక ఎండల సంగతి. ఇది ఏసీ గదిలో టెస్ట్ చేసే వీడియోల్లో ఎవరూ చెప్పరు. ఖమ్మంలో మే నెలలో మధ్యాహ్నం 43 డిగ్రీలు మామూలు, మా ఇంట్లో హాల్‌లో ఉన్నది కూలర్. గది ఎన్ని డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే ల్యాప్‌టాప్ లోపలా దాదాపు అన్ని డిగ్రీలు పెరుగుతాయి, ఫ్యాన్ పీల్చుకునేదే వేడిగాలి కదా. 2025 వేసవికి ప్రాసెసర్ 96 డిగ్రీల దగ్గర కూర్చుంది, పావుగంట ఆడితే చాలు, వేడి తగ్గించుకోవడానికి అదే స్పీడు తగ్గించేసుకుంటోంది. కీబోర్డు మీద చెయ్యి పెట్టలేకపోయాం. వారంటీ ఎలాగూ అయిపోయింది, మళ్లీ అదే షాపుకి తీసుకెళ్లి విప్పిస్తే రాగి రెక్కల మధ్య దుమ్ము దూదిలా పేరుకుపోయి ఉంది, థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్ వేడిని పైనున్న లోహానికి చేరవేసే ముద్ద) ఎండిపోయి పొడి రాలుతోంది. శుభ్రం చేసి కొత్త పేస్ట్ వేసినందుకు 900 తీసుకున్నాడు, 84కి దిగింది. రెండేళ్లకోసారి చేయించాల్సిన పని, మేం ఆలస్యం చేశాం.

ఖర్చు లేని ఉపాయం కూడా ఒకటుంది. విండోస్ పవర్ ఆప్షన్స్‌లో మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ 100 ఉంటే 99 చేయండి. అలా చేస్తే ప్రాసెసర్ బూస్ట్‌కి వెళ్లదు. మా 5600హెచ్ 4.2 గిగాహెర్ట్జ్‌కి ఎగబాకకుండా 3.3 దగ్గరే ఆగుతుంది, వేడి బాగా తగ్గుతుంది, రెడ్ డెడ్ లాంటి గేమ్‌లో ఫ్రేమ్స్ తగ్గినట్టు కూడా తెలియదు. వాలరెంట్‌లో తెలుస్తుంది, అప్పుడు మళ్లీ 100 పెట్టుకోవచ్చు. గేమ్ లోపల ఫ్రేమ్స్‌కి పరిమితి పెట్టడం, వెనక వైపు కాస్త ఎత్తు పెట్టడం, ఈ రెండూ కూడా చేయండి. మంచం మీద, దిండు మీద పెట్టి ఆడొద్దు.

మార్పించుకోలేని వాటి దగ్గరికి వస్తే, నేను బాధపడేది వీటి గురించే. ఆ గ్రాఫిక్స్ కార్డ్ బోర్డు మీద అతికించి ఉంటుంది, దాని 4 జీబీ మెమరీ ఎన్నటికీ 4 జీబీయే. 2022లో సరిపోయింది, ఇప్పుడొచ్చే పెద్ద గేమ్స్‌లో టెక్స్చర్స్ (బొమ్మల ఉపరితలం మీది వివరాలు) మీడియం దాటించలేకపోతున్నాం. బయట ర్యామ్ 16 చేసినా 32 చేసినా అది తీరే లోటు కాదు. స్క్రీన్ 144 హెర్ట్జ్ అని మురిసిపోయాను గానీ రంగులు 45% ఎన్‌టీఎస్‌సీ (రంగుల కొలత, ఇది తక్కువే), వెలుగు 250 నిట్స్ (వెలుగు కొలత, ఇదీ తక్కువే), పగలు కిటికీ పక్కన కూర్చుంటే చీకటి సీన్‌లో శత్రువు కనపడడు. ప్యానెల్ మార్చేవాళ్లు సీటీసీలోనే ఉన్నారు, ఖర్చు విని వదిలేశాం. కొనేటప్పుడే 100% ఎస్‌ఆర్‌జీబీ (రంగులు బాగా చూపించే స్క్రీన్ అని గుర్తు) అని రాసి ఉన్నది చూసుకుని ఉండాల్సింది. బ్యాటరీ గురించి చెప్పడానికేం లేదు, ప్లగ్ తీస్తే గేమ్ ఆడలేం.

అందుకే ఇప్పుడు ఎవరు అడిగినా ఒకటే చెబుతున్నాను: డబ్బంతా తర్వాత మార్చలేని వాటి మీద పెట్టండి, ముఖ్యంగా గ్రాఫిక్స్ మీద. 4 జీబీ వద్దు, 3050లో 6 జీబీ వెర్షన్ గానీ, ఇంకాస్త వేసుకోగలిగితే 4050 గానీ తీసుకోండి. ఆర్‌టీఎక్స్ 2050 అని తక్కువలో కనిపిస్తుంది, 3050 4 జీబీలో ఉన్నన్ని కోర్లే (లెక్కలు చేసే భాగాలు) ఉంటాయి దాంట్లోనూ, కానీ మెమరీ దారి 128 బిట్స్ బదులు 64 బిట్సే. అన్నిటికన్నా మోసం వాట్స్ దగ్గర, అంటే గ్రాఫిక్స్ కార్డుకి ఇచ్చే కరెంటు దగ్గర జరుగుతుంది. 4050 అనే ఒకే పేరుతో 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా వస్తాయి, పల్చగా అందంగా ఉన్న ల్యాప్‌టాప్‌లో తక్కువ వాట్స్ పెట్టి అదే స్టిక్కర్ అంటిస్తారు. షోరూమ్‌లో డెమో పీస్ ఉంటే ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్ తెరిచి సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో మాగ్జిమమ్ గ్రాఫిక్స్ పవర్ ఎంతో చూడండి. సేల్స్ అబ్బాయి వద్దంటే ఇంకో షాపు.

ర్యామ్ విషయంలో మాత్రం నేను ఇన్నాళ్లూ చెప్పిన మాట ఇప్పుడు మార్చుకోవాల్సి వచ్చింది. 8 జీబీది కొని తర్వాత వేయించుకోండి అనేదాన్ని. 2025 చివరి నుంచి ఏఐ సర్వర్లకి మెమరీ అంతా తరలిపోయి ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి, మాకు 1,750కి వచ్చినట్టు ఇప్పుడు రాదు. కాబట్టి 16 జీబీ మోడల్‌కి తేడా కొద్దిగానే ఉంటే అదే తీసుకోండి, వీలైతే రెండు 8 జీబీ స్టిక్స్ ఉన్నది. ర్యామ్ బోర్డు మీదే అతికించి, ఖాళీ స్లాట్ లేకుండా వస్తుంటే ఇక పెంచుకోలేరని అర్థం, అది వదిలేయండి. మీ దగ్గరున్నది డీడీఆర్4నో 5నో తెలుసుకుని వెళ్లండి, ఒకదాని స్టిక్ ఇంకోదాంట్లో పట్టదు.

మాకు మొత్తం కలిపి 63,850 అయింది. మూడేళ్లు దాటినా తమ్ముడు ప్రాజెక్ట్ పని, ఆటలు రెండూ దాని మీదే నడిపిస్తున్నాడు. సీటీసీలోనే కాదు, ఎక్కడ వేయించినా బిల్లు మీద ర్యామ్, ఎస్ఎస్‌డీ సీరియల్ నంబర్లు రాయించుకోండి, ఆ పెట్టెలు పారేయకండి. మా ఎస్ఎస్‌డీకి అయిదేళ్ల వారంటీ, 2028 మే దాకా ఉంది, బిల్లు ఫొటో మా ఇద్దరి ఫోన్లలోనూ ఉంది.