నిలబడితే వేడెక్కే లారీ, చేతిలో టెంపరేచర్ గన్

రోడ్డు మీద పరుగెత్తినంతసేపు బుద్ధిగా ఉండి, ఆపి ఇంజన్‌ను స్లోలో వదిలితే పావుగంటలో వేడి ముల్లు ఎర్రగీత దాకా ఎక్కే జబ్బు మా పాత డీజిల్ లారీకి పట్టుకుంది. ఒక మెకానిక్ థర్మోస్టాట్ (ఇంజన్ వేడిని బట్టి రేడియేటర్‌కు నీటి దారి తెరిచి మూసే కవాటం) మార్చారు, గుణం కనిపించలేదు. ఇక రేడియేటర్ మార్చక తప్పదన్నారు. అంత ఖర్చు నెత్తిన వేసుకునే ముందు వేడి ఎక్కడ ఆగిపోతోందో నేనే చూసుకోవాలనిపించి, తాకకుండానే ఉష్ణోగ్రత చూపే ఇన్‌ఫ్రారెడ్ టెంపరేచర్ గన్ కొన్నాను. ఇది ఈ రకంలో మామూలుగా దొరికే పరికరమే. దూరానికీ అది కొలిచే వృత్తానికీ ఉన్న నిష్పత్తి 12:1, ఎమిసివిటీ, అంటే ఉపరితలం తన వేడిని ఎంత బాగా వెలువరిస్తుందో చెప్పే అంకె, 0.95 వద్ద స్థిరం.

ఈ ఎమిసివిటీ సంగతి తెలియక మొదటి రోజే దాన్ని తిరిగి పంపేయబోయాను. మెరిసే అల్యూమినియం థర్మోస్టాట్ గూడు మీద గురిపెడితే 58 డిగ్రీలు చూపింది, దానికి ఆనుకునే ఉన్న రబ్బరు హోస్ మీద మాత్రం 97. నిజానికి పరికరంలో లోపమేమీ లేదు. నునుపైన లోహం తన వేడిని చాలా తక్కువగా వెలువరించి చుట్టుపక్కల వేడిని అద్దంలా తిప్పికొడుతుంది కాబట్టి గన్ మోసపోతుంది. గూటి మీద మెరుపు లేని నల్ల పెయింటు చుక్క వేసి ఆరాక కొలిస్తే 95 వచ్చింది. కొనేవారందరికీ అవసరమైన ఈ విషయాన్ని తయారీదారులు వివరాల కాగితం చివర ఒక్క వాక్యంలో సరిపెట్టారు. ఎర్రటి లేజర్ చుక్క గురి చూపడానికే తప్ప కొలవడానికి కాదన్న మాట అసలు లేనే లేదు. అడుగు దూరం నుంచి అంగుళం వెడల్పు, మూడడుగుల నుంచి మూడంగుళాల వెడల్పు ప్రాంతపు సగటునే ఇది చూపుతుంది. అందుకని దగ్గరికి వంగాలనిపిస్తుంది గానీ, తిరుగుతున్న ఫ్యాన్ పక్కన వదులు చొక్కాతో ఆ పని చేయకూడదు.

అసలు పరీక్షలో గన్ తన విలువ చూపించింది. ముల్లు ఎర్రగీతకు చేరువైనప్పుడు గేజుకు వేడి తెలిపే సెన్సర్ మొదలు దగ్గర 101 డిగ్రీలున్నాయి కాబట్టి గేజు అబద్ధం చెప్పడం లేదు. రేడియేటర్ పై హోస్ 98, కింది హోస్ 94. గ్రిల్ వైపు నుంచి రేడియేటర్ అంతటా నెమ్మదిగా గురి తిప్పినా, గొట్టాలు పూడుకుపోయిన చోట ఉండాల్సిన చల్లటి మచ్చలు ఎక్కడా తగలలేదు. అంటే నీళ్లు చక్కగానే తిరుగుతున్నాయి, వాటి వేడిని తీసుకుపోయే గాలే కరువైంది. బండి కదులుతున్నప్పుడు వేగమే గాలిని తోస్తుంది, నిలబడితే ఫ్యాన్ ఒక్కటే దిక్కు. పైగా స్లోలో డీజిల్ ఇంజన్ పుట్టించే వేడి తక్కువే. ఆ కాస్త వేడిని కూడా లాగలేకపోయిందంటే ఫ్యాన్ దాదాపు పని మానేసినట్టే.

ఇక్కడితో గన్ పని అయిపోయింది, మిగతాది వార్తాపత్రిక కాగితం తేల్చింది. ఇంజన్ వేడెక్కి నడుస్తుండగా గ్రిల్‌కు ఆనించిన కాగితం ఫ్యాన్ లాగే గాలికి అతుక్కుని నిలవాలి, మాది జారి బంపర్ మీద పడింది. ఇంజన్ ఆపి, తాళం జేబులో వేసుకుని ఫ్యాన్‌ను చేత్తో తిప్పితే, వేడి మీద బిగువుగా ఉండాల్సింది అడ్డూ ఆపూ లేకుండా నాలుగైదు చుట్లు తిరిగింది. ఇంజన్ తిప్పే బలాన్ని ఫ్యాన్‌కు అందించే ఫ్యాన్ క్లచ్ అంచున జిడ్డుతో కలిసిన దుమ్ము చార కట్టి ఉంది. లోపలి సిలికాన్ ద్రవం కారిపోయిందనడానికి అదే ఆనవాలు. క్లచ్ మార్చాక అరగంట స్లోలో ఉంచితే పై హోస్ 89, కింది హోస్ 76 దగ్గర నిలిచాయి.

దీనితో తేలని జబ్బులూ ఉన్నాయి. హెడ్ గ్యాస్కెట్ లీకు గానీ, రేడియేటర్ మూత ఒత్తిడిని నిలుపుతోందో లేదో గానీ ఇది చెప్పదు, వాటికి వేరే పరికరాలు కావాలి. హోస్ పైభాగం లోపలి నీటి కన్నా కొన్ని డిగ్రీలు చల్లగానే ఉంటుంది గనుక, విడి అంకెను నమ్మేకన్నా రెండు చోట్ల మధ్య తేడాను చూడడం మేలు. ఎండలో తెర సరిగా కనిపించదు, బ్యాటరీ మూత కొక్కెం నెలకే విరిగితే టేపు చుట్టి వాడుతున్నాను. అయినా పాత బండి ఉన్నవారు కొనదగిన వస్తువే, ఎందుకంటే నాకు ఒక రేడియేటర్ ఖర్చు తప్పించింది. ఆ 89, 76 అంకెలను క్యాబిన్‌లో అద్దం పక్కన రాసి పెట్టుకున్నాను. మొన్న మళ్లీ కొలిస్తే 90, 77 వచ్చాయి.